మేనేజర్ కార్డు ఎక్కడ?

ప్రశ్న: నా అభిమాన బేస్‌బాల్ జట్టు ఆటగాళ్లు, మేనేజర్ల (అంటే జట్టు ప్రధాన కోచ్‌ల) బొమ్మలతో అమెరికా కంపెనీ టాప్స్ వేసిన పాత కార్డులు సేకరిస్తున్నాను. 1975–77 మేనేజర్ కార్డులు దొరకడం లేదు. 1956 కార్డులేమో ఆల్బమ్ అరల్లో పట్టడం లేదు. ఎందుకు?

జవాబు: ఆ మూడేళ్లూ మేనేజర్‌కు విడి కార్డు లేదు. జట్టు ఫొటో కార్డు మీదే చిన్న బొమ్మగా కనిపిస్తారు, అదే కొనండి. వెనక చెక్‌లిస్టు, అంటే దొరికిన కార్డులకు టిక్కు పెట్టుకునే జాబితా ఉంటుంది, గళ్లలో పెన్ను గీతలు లేనిదే ఎంచుకోండి. 1978లో విడి కార్డులు మళ్లీ వచ్చాయి. చాలావాటిలో ఆయన ఆటగాడిగా ఉన్ననాటి ఫొటో కూడా ఉంటుంది, ఎంతో ముచ్చటైన కార్డులవి!

1952–56 కార్డుల కొలత 2⅝ × 3¾ అంగుళాలు. 1957 నుంచి 2½ × 3½. పాత పెద్ద కార్డులను తొమ్మిది అరల షీట్లోకి నెట్టకండి, మూలలు నలుగుతాయి. ఎనిమిది అరలది, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌దే తీసుకోండి. పీవీసీ ప్లాస్టిక్ కాలక్రమంలో కార్డుకు అంటుకుపోతుంది.