సైకిలుపై వెళ్తుండగా కారు ఢీకొంది, పైకి పెద్ద దెబ్బలు లేవు: రాజీ కాగితంపై సంతకం చేయవచ్చా?

గుంటూరు చుట్టుగుంట దగ్గర నిన్న సాయంత్రం మీ బాబాయిగారి సైకిలును వెనుక నుంచి కారు గుద్దిందనీ, మోకాలు గీరుకుపోవడం తప్ప పైకి దెబ్బలేమీ కనిపించడం లేదనీ, కారు యజమాని ఐదు వేలు చేతిలో పెట్టి కేసు వద్దని సంతకం అడుగుతున్నాడనీ రాశారు. ఆ సంతకం ఇప్పుడు చేయించకండి. ముందు ఆయనను ఆసుపత్రికి తీసుకెళ్లి, ఒళ్లంతా పరీక్ష చేయించండి.

మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో లేతు పని చేసేవారు. పని ముగించుకుని రామవరప్పాడు వైపు సైకిలుపై వస్తుండగా, ఎడమకు తిరుగుతున్న వ్యాను ఒకటి ఆయనను పక్కకు నెట్టేసింది. లేచి నిలబడి, వంకరపోయిన హ్యాండిల్ సరిచేసుకుని, అక్కడే టీ తాగి మరీ ఇంటికి వచ్చారు. చొక్కా విప్పినప్పుడు ఎడమ పక్కటెముకల కింద రూపాయి బిళ్లంత గుండ్రని ఎర్రటి మచ్చ ఉండడం మా అమ్మ చూసింది. హ్యాండిల్ చివరి రబ్బరు గ్రిప్పు ఎప్పుడో ఊడిపోయినందున, ఆ ఇనుప గొట్టం అంచు కడుపులో గుచ్చుకున్న గుర్తు అది. ఆయన మాత్రం కడుపు ఊసే ఎత్తకుండా, ఎడమ భుజం లాగుతోందని బామ్ రాయించుకున్నారు. రాత్రికి ముఖం పాలిపోయి చెమటలు పట్టడంతో ఆసుపత్రికి తీసుకెళ్లి స్కానింగ్ చేయిస్తే, ఆ పక్కటెముకల కింద ఉండే ప్లీహం (స్ప్లీన్) చీలి లోపల రక్తం కారుతోందని తేలింది. అలా కారిన రక్తం ఊపిరితిత్తుల కింది పొరను ఒరుసుకున్నప్పుడు నొప్పి భుజంలో తెలుస్తుందని డాక్టరుగారు చెప్పేదాకా మాకెవరికీ తెలియదు. అదృష్టవశాత్తూ ఆపరేషను అవసరం లేకుండా, పడక మీదే ఉంచి కనిపెట్టుకుని చూసి పంపించారు.

తల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరేటప్పుడు, మనిషి కొన్ని గంటలు మామూలుగా మాట్లాడి ఆ తరువాత మగతలోకి జారిపోవచ్చు. వాంతులు, తగ్గని తలనొప్పి, అతినిద్ర, మాట తడబడడం, కంటిపాపల్లో ఒకటి పెద్దదిగా కనిపించడం వంటివి ఏవి ఉన్నా తెల్లవారే దాకా ఆగకుండా 108కు ఫోన్ చేయండి.

ఆసుపత్రిలో ఏం రాయిస్తున్నారో కూడా చూసుకోండి. మా విషయంలో అక్కడి సిబ్బంది ‘సైకిలు మీద నుంచి పడ్డారు’ అని రాసి ఊరుకున్నారు. మా అన్నయ్య పక్కనే నిలబడి, వ్యాను నంబరుతో సహా వాహనం ఢీకొన్నదని రాయించి, ఎమ్మెల్సీ (పోలీసులకు తెలపాల్సిన గాయంగా ఆసుపత్రి రాసుకునే మెడికో లీగల్ కేసు) నమోదు చేయించాడు. తరువాత బీమా సంస్థ న్యాయవాది మొదట పట్టుకున్నది ఆ కాగితాన్నే. ఎఫ్‌ఐఆర్, గాయాల సర్టిఫికెట్, ఆసుపత్రి బిల్లులు, బాబాయిగారి రోజు కూలికి ఆధారం అన్నీ ఒకచోట ఉంచండి. పోలీసులు నిర్ధారించిన రోడ్డు ప్రమాదంలో, 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, 1,50,000 రూపాయలు మించకుండా నగదు రహిత చికిత్స ఉంది. అడిగితేనే చెబుతారు కాబట్టి మీరే అడగండి.

కారు యజమానితో గొడవ పెట్టుకోనవసరం లేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ బీమా (ఆ వాహనం వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా) తప్పనిసరి కనుక, అది అమలులో ఉంటే పరిహారం సాధారణంగా ఆయన జేబులోంచి కాక బీమా సంస్థ నుంచి వస్తుందని నెమ్మదిగా చెప్పండి. గాయపడిన వ్యక్తికి వైద్యం అందేలా చూడడం, 24 గంటల్లోగా పోలీసులకు తెలపడం డ్రైవరు బాధ్యతని కూడా అదే చట్టం చెబుతోంది. ఆయన మంచితనంతో డబ్బిస్తే తీసుకోవచ్చు గానీ, ‘ఇక ఏ హక్కూ లేదు’ అన్న మాట ఉన్న కాగితం మీద మాత్రం వద్దు. పరిహారం దరఖాస్తుకు ఆ చట్టానికి చేసిన 2019 సవరణ ఆరు నెలల గడువు పెట్టింది. ప్రమాదం జరిగిన చోటే కాక, మీరు నివసించే చోటి, ఇలాంటి పరిహారం కేసులు విచారించే ట్రైబ్యునల్‌లోనూ వేసుకోవచ్చు.

సైకిలును అప్పుడే బాగుచేయించకండి. వెనుక మడ్‌గార్డు వంగిన తీరూ, దానికంటిన కారు రంగూ వెనుక నుంచే గుద్దారనడానికి సాక్ష్యం కాబట్టి, పగటి వెలుతురులో అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి, పోలీసులు చూసి వెళ్లాకే షాపుకు పంపండి.