పాత పెట్రోల్ జీపు పికప్: ఏ సామాను ఎక్కడ, ఏ మార్పు ఎంతవరకు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మహీంద్రా–విల్లీస్ కాలపు పెట్రోల్ జీపు పికప్‌ల గురించే. అందుకే ఈ సంచిక ప్రశ్నలన్నీ వాటికే కేటాయించాం.

ప్రశ్న: మా తాతగారి పికప్, 1968 రిజిస్ట్రేషన్. చాలా ఏళ్లుగా పశువుల కొట్టం పక్కన నిలిచిపోయింది. హ్యాండిల్ వేసినా ఇంజను కదలడం లేదు. ముందుగా ఏ సామాను కొనాలి, ఎక్కడ దొరుకుతుంది? — ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: ముందుగా ఏ సామానూ కొనకండి. పిస్టన్ సెట్టు, గ్యాస్కెట్ సెట్టు, క్లచ్ ప్లేటు తెచ్చి అటక మీద పెట్టుకున్నాక, అవి ఈ ఇంజనువి కావని తేలడం ఈ బళ్లలో మామూలే.

మీ ఇంజను ఏదో తేల్చుకోవడం తేలిక. హెడ్డు మీద రాకర్ కవరూ, బ్లాకు పక్కన వాల్వుల మూతా రెండూ ఉంటే అది హరికేన్ ఇంజను. దీనిలో ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్టు వాల్వులు బ్లాకులో ఉంటాయి. సామర్థ్యం 2199 సీసీ. పైన రాకర్ కవర్ లేకుండా హెడ్డు బల్లపరుపుగా ఉంటే అది అంతకు ముందుతరం ఇంజను. రెండింటికీ బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 79.4 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 111.1 మి.మీ., అడుగు భాగం సామాను చాలావరకు ఒకటే. హెడ్డు, కార్బొరేటర్, వాల్వులు మాత్రం వేరు.

జాం అయిన ఇంజనును గేరులో వేసి ట్రాక్టరుతో లాగించొద్దు. రింగులు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులు తీసి, డీజిలూ ఆటోమేటిక్ గేరు ఆయిలూ సమానంగా కలిపి ఒక్కో సిలిండరులో అర టీ గ్లాసు పోయండి. వారం ఆగాలి, మధ్యలో మళ్లీ పోయాలి. తర్వాత ముందు పుల్లీ నట్టుకు స్పానరు వేసి కొంచెం ఇటు, కొంచెం అటు ఊపండి. కదలకపోతే పక్క మూత తీసి ఎగ్జాస్టు వాల్వులు చూడండి. చాలాసార్లు పట్టేసేది పిస్టన్ కాదు, గైడులో తుప్పుపట్టిన ఈ వాల్వులే.

హెడ్డు దించేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. హరికేన్ హెడ్డులో ఒక బోల్టు కార్బొరేటర్ కింద, గాలి దారి లోపల దాక్కుని ఉంటుంది. బయటి బోల్టులన్నీ తీశాం కదా అని ఉలి పెట్టి లేపితే హెడ్డు పగులుతుంది. మళ్లీ బిగించేటప్పుడు దానిని మర్చిపోతే గ్యాస్కెట్ నిలవదు. హెడ్డు బోల్టులు మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతల్లో, 60 నుంచి 70 ఫుట్–పౌండ్ల వరకు బిగించాలి.

బ్లాకు ఖాళీ అయ్యాక బోరింగ్ షాపుకు పరుగెత్తకండి, ముందు పగుళ్లు చూడండి. ఎగ్జాస్టు వాల్వు సీటుకూ సిలిండర్ బోరుకూ మధ్య ఉండే సన్నని ఇనుము ఈ ఇంజనుకు బలహీనమైన చోటు. డై పెనెట్రెంట్ స్ప్రేలు వెల్డింగ్ సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. శుభ్రం చేసిన చోట ఎర్ర రంగు కొట్టి, పది నిమిషాలాగి తుడిచేసి, తెల్లది కొట్టండి. పగులు ఉంటే ఎర్రటి గీతగా బయటపడుతుంది. బోరు కొట్టించాక పగులు కనబడితే ఆ డబ్బంతా వృథా.

పాత పిస్టన్ తల మీద 020, 030 లాంటి అంకె ఉందేమో చూడండి. ఇంతకు ముందు ఎన్ని థౌ (అంగుళంలో వెయ్యో వంతు) పెద్దది వేశారో అదే చెబుతుంది. 10, 20, 30, 40 థౌ వరకు ఓవర్‌సైజు పిస్టన్లు ఉంటాయి. 40 కూడా అయిపోతే స్లీవ్ (సిలిండరు లోపల బిగించే కొత్త గొట్టం) వేయించాలి. లేత్ వాళ్లు కొలిచి సైజు చెప్పాక పిస్టన్లు కొనండి, ఆ పిస్టన్లు కొలిచి వాటికి తగ్గట్టు బోరు కొట్టించండి. ఈ వరస తిరగబడితే ఒక సిలిండరులో బిగుతు, ఇంకోదానిలో వదులు వస్తుంది.

ఇక ఎక్కడ అంటే, మీ రాష్ట్రంలో విజయవాడ ఆటోనగర్. హైదరాబాద్‌ వైపు రాణిగంజ్. అక్కడ దొరకని వాటికి చెన్నై పుదుపేట, ఢిల్లీ కశ్మీరీ గేట్. జీపులు విప్పి అమ్మడం, కొత్తగా కట్టడం వృత్తిగా పెట్టుకున్న ఊరు మండీ డబ్వాలీ, పంజాబు–హర్యానా సరిహద్దులో ఉంది. సీజే–3బీ అనే జీపు మోడల్ తయారీ అమెరికాలో 1968లో ఆగినా మహీంద్రా అదే వరసను దశాబ్దాలు కొనసాగించింది కాబట్టి యాక్సిల్, స్టీరింగ్, ముందు రేకు సామానుకు మనకు కరువు లేదు. కరువు ఉన్నదల్లా పికప్‌కే ప్రత్యేకమైనవాటికి: వెనక కమాను కట్ట, పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు, టెయిల్‌గేటు కీళ్లు, క్యాబ్ తలుపుల సామాను. కమాను కట్ట కొత్తది వెతకడంకన్నా ఆకుల మందం, వెడల్పు, పొడవు రాసుకుని కమాన్లు చేసేవాళ్లకు ఇవ్వడం మేలు. షాఫ్టు పైపును లేత్ మీద పొడిగించాక బ్యాలెన్సింగ్ తప్పనిసరి.

బేరింగులు జీపు సామాను కొట్లో కాకుండా బేరింగుల కొట్లో కొనండి. పాత బేరింగు మీద చెక్కిన నంబరే మీకు ఆధారం. ఈ జీపుల చక్రం హబ్బులో ఎక్కువగా కనిపించేవి టిమ్‌కెన్ 18590, 18520 జత. ముందు నకిల్లో కింగ్‌పిన్‌కు (స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం తిరిగే కీలు) 11590, 11520. ఆయిల్ సీళ్లకు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి అడిగితే చాలు, బండి పేరు చెప్పక్కర్లేదు. మిగతా ఏ సామానుకైనా పాతది చేత పట్టుకుని వెళ్లండి. ఫోటో చూపించి తెచ్చినది వెనక్కి ఇవ్వడానికే పనికొస్తుంది.

ప్రశ్న: బ్రేకు కొడితే బండి ఎడమకు లాగుతుంది. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పెట్టించమంటున్నారు. మాస్టర్ సిలిండర్ కూడా మార్చాలా? — ఏలూరు నుంచి

జవాబు: లాగడానికి డిస్కులు మందు కాదు. కుడి వీల్ సిలిండర్ పట్టేసి ఉండొచ్చు, కుడి లైనింగు మీద యాక్సిల్ సీలు నుంచి నూనె పడి ఉండొచ్చు, లోపల ఉబ్బిన రబ్బరు హోసు కూడా కావచ్చు. హోసులన్నీ కొత్తవి వేసి, వీల్ సిలిండర్లు విప్పి చూసి, అప్పుడు ఆలోచించండి. సరిగ్గా సర్దిన డ్రమ్ములు ఈ బండి వేగానికి చాలు.

మేమైతే డిస్కులకన్నా ముందు టాండెమ్ (రెండు సర్క్యూట్ల) మాస్టర్ సిలిండర్ పెట్టమంటాం. పాతదానిలో నాలుగు చక్రాలకూ ఒకే సర్క్యూట్ కాబట్టి ఒక్క పైపు పగిలితే పెడల్ నేలకు తగులుతుంది. పాతదాని బోరు చూసి అదే బోరుది తీసుకోండి. ఎక్కువ బోరుదైతే పెడల్ రాయిలా ఉంటుంది, తక్కువదైతే పెడల్ చాలా లోతుకు పోతుంది.

డిస్కులు పెట్టే తీరాలంటే రెసిడ్యువల్ వాల్వు సంగతి మెకానిక్‌ను అడగండి. డ్రమ్ములకు లైనులో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడి నిలవాలి, డిస్కులకు 2 చాలు. డ్రమ్ముల మాస్టరును అలాగే డిస్కులకు కలిపితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుని, పది కిలోమీటర్లు పోయేసరికి హబ్బు కాలిపోతుంది. అలాగని ఆ వాల్వు పూర్తిగా తీసేస్తే, ఈ బండిలో మాస్టర్ సిలిండర్ ఫ్లోరు కింద, క్యాలిపర్ల కన్నా దిగువన ఉంటుంది కాబట్టి ఫ్లూయిడ్ వెనక్కి జారి, మొదటి తొక్కు ఖాళీగా పోతుంది. పైపులు రాగివి వేయొద్దు, కదలికకు చిట్లుతాయి. 4.75 మి.మీ. స్టీలు బ్రేకు పైపు, చివర డబుల్ ఫ్లేర్. చక్రాల నట్లు విప్పేటప్పుడు స్టడ్డు మీద ఎల్ అని ఉందేమో చూసుకోండి. ఈ జీపుల ఎడమ వైపు చక్రాలకు ఎదురు మర ఉంటుంది. తెలియక పైపు వేసి తొక్కి స్టడ్లు విరగ్గొట్టినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ప్రశ్న: పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజను ఎక్కిద్దామనుకుంటున్నాం. తర్వాత వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా చేయిద్దామని ఉంది. సాధ్యమేనా? — ఖమ్మం

జవాబు: రెండూ కలవవు. ఒకటే ఎంచుకోవాలి.

2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన, సొంత వాడకానికి ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల బళ్లకు వింటేజ్ హోదా వస్తుంది. ఛాసిస్, బాడీ షెల్, ఇంజను వీటిలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. రుసుము కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. కొత్తగా ఇచ్చే నంబరులో రాష్ట్ర అక్షరాల తర్వాత వీఏ అని ఉంటుంది, పాత నంబరు ఉన్నవాళ్లు దానినే ఉంచుకోవచ్చు. అయితే ఆ బండి రోజువారీ తిరుగుడికీ, కిరాయికీ పనికిరాదు. ప్రదర్శన, ర్యాలీ, మరమ్మతు, పెట్రోలు పోయించుకోవడం, అంతవరకే. పికప్ యజమానులు ఇంకోటి గమనించాలి. మీ ఆర్సీలో బండి గూడ్స్ కింద ఉంటే, సొంత వాడకం కిందికి మార్పించుకునే వరకు ఈ దారి తెరుచుకోదు.

వింటేజ్ వద్దనుకున్నా డీజిల్ దారి సాఫీ కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇంధనం మార్పుకు ఆమోదం పొందిన కిట్‌తో, రవాణా శాఖ అనుమతితో మాత్రమే వీలుంది. పాతసామాన్ల కొట్టులో కొన్న ఇంజనుకు బిల్లు, అది వచ్చిన బండి కాగితాలు లేకపోతే ఆ ఇంజను నంబరు మీ మెడకు చుట్టుకుంటుంది. ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ మొదట చూసేది ఆ నంబరే.

చట్టం పక్కన పెట్టి లెక్క చూద్దాం. ఈ జీపుల యాక్సిల్ నిష్పత్తి చాలావాటిలో 5.38. అంటే 6.00–16 టైర్లతో టాప్ గేరులో 60 కిలోమీటర్ల వేగానికి ఇంజను నిమిషానికి సుమారు 2,450 చుట్లు తిరుగుతుంది, 80కి 3,250. పాతకాలపు డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్ ఇంజను ఆ వేగంలో గంటల తరబడి నడిచే రకం కాదు. కాబట్టి డీజిల్ ఎక్కించినా మీరు 65 దగ్గరే ఆగుతారు. అంతకు మించాలంటే యాక్సిల్ లోపలి క్రౌన్, పినియన్ గేర్లు మార్చాలి. నాలుగు చక్రాల డ్రైవు ఉంటే ముందూ వెనకా రెండూ ఒకే నిష్పత్తికి మార్చాలి, లేకపోతే ఫోర్‌వీల్ వేసిన నాడు ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే పెట్టె) విరుగుతుంది. మూడు గేర్ల పాత గేరుబాక్సు డీజిల్ టార్కుకు ఎక్కువ కాలం ఆగదు, అదీ మార్చాలి. ఇంజను మౌంట్లు, పెద్ద బ్యాటరీ, స్టార్టర్, రేడియేటర్, ముందు కమాన్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. బెల్ హౌసింగ్‌కు అడాప్టర్ ప్లేటు చేయిస్తే దాని మధ్యబిందువు క్రాంకుతో 0.13 మి.మీ. లోపు కలవాలి. కలవకపోతే పైలట్ బుష్ అరిగి గేర్లు వాటంతటవే జారతాయి.

నెలకు రెండుసార్లు తీసే బండికి ఇంత ఖర్చు పెట్రోలు మిగుల్లో ఎన్నటికీ రాదు. కార్బొరేటర్ బాగు చేయించి, చల్లని ఇంజను మీద ఇన్‌టేక్ టాపెట్ల సందు 18 థౌ, ఎగ్జాస్టు 16 థౌ, ప్లగ్గు గ్యాపు 30 థౌ పెట్టించి, ఫైరింగ్ వరస 1–3–4–2 సరిచూసి నడపండి. చాలా బళ్లు ‘తాగుతున్నాయి’ అనిపించేది ఇన్‌టేక్, ఎగ్జాస్టు టాపెట్ల కొలతలు తారుమారు అయినందువల్లనో, అరిగిన కార్బొరేటర్ షాఫ్టు పక్క నుంచి గాలి పీల్చుకున్నందువల్లనో.

ప్రశ్న: మా బండి ఇంకా 6 ఓల్టులే. 12కి మార్చాలంటే వైరింగ్ అంతా పీకాలా? — అనంతపురం

జవాబు: అదే పనికి వైర్లు పీకక్కర్లేదు. 12 ఓల్టులకు కరెంటు సగమే పారుతుంది, పాత వైరు మందం ఎక్కువే అవుతుంది. పైతొడుగు చిట్లితే మాత్రం మార్చాల్సిందే. మార్చవలసినవి బ్యాటరీ, కాయిల్, బల్బులు, హారను. డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ పెడితే డైనమో చార్జింగును అదుపు చేసే కటౌట్ పెట్టె తీసేయాలి. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి 6 చదరపు మి.మీ. వైరు వేయండి. పెట్రోలు గేజికి ఓల్టేజి తగ్గించే రెగ్యులేటర్ కావాలి. పాత స్టార్టర్ 12 మీద పనిచేస్తుంది కానీ ఒక్కసారికి ఐదు సెకన్లు మించి తిప్పకండి. పాత బండిలో బ్యాటరీ ఏ తీగ, పాజిటివా నెగెటివా, ఎర్త్ అయిందో చూసుకోకుండా ఆల్టర్నేటర్ కలిపితే డయోడ్లు ఆ క్షణమే పోతాయి. నెగెటివ్ ఎర్త్ చేసుకోండి.

ప్రశ్న: ఫ్లోరు, వెనక తొట్టి తుప్పుతో జల్లెడయ్యాయి. అద్దాలు కూడా లేవు. — ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: తొట్టిని కొత్తగా చేయించడమే చవక. 18 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకు, అంటే దాదాపు 1.2 మి.మీ., తీసుకోండి. జింకు పూసిన రేకు వద్దు, వెల్డింగ్‌లో విషపు పొగ వస్తుంది, అతుకు కూడా సరిగా పట్టదు. పాత తొట్టి ముక్కలు పారేయకుండా టింకరింగ్ మేస్త్రికి ఇవ్వండి, మడతల కొలతలు వాటి నుంచే తీస్తారు. రేకు భాగాలను ఇసుక బ్లాస్టింగుకు ఇస్తే ఇసుక దెబ్బలకు అలలుగా వంకర పోతాయి. దానిని ఛాసిస్ వరకే ఉంచి, రేకుకు తుప్పు తీసే ద్రావణం, వైరు బ్రష్షు వాడండి. పుట్టీ 2 మి.మీ. మించితే ఎండకు చిట్లుతుంది.

ఛాసిస్ నంబరు ఉన్న చోట గ్రైండర్ పెట్టనివ్వకండి. తుప్పు తీసి, గ్రీజు రాసి, కనబడేలా ఫోటో తీసి ఉంచుకోండి. మాసిపోయిందని మేస్త్రి చేత మళ్లీ కొట్టిస్తే అది నేరం. రవాణా శాఖకు దరఖాస్తు పెట్టుకుని వాళ్లు చెప్పినట్టు చేయాలి.

అద్దాల విషయంలో మీరు అదృష్టవంతులు, ఈ జీపులకు అన్నీ బల్లపరుపు అద్దాలే. అట్టతో నమూనా కత్తిరించి ఇస్తే ముందు అద్దానికి లామినేటెడ్ గాజు కోసిస్తారు. తలుపుల అద్దాలకు టఫెన్డ్ గాజు వేయిస్తే రంధ్రాలు, అంచులు ముందే పూర్తి కావాలి. టఫెన్ చేసిన గాజుకు ఆ తర్వాత కోత పెడితే ముక్కలైపోతుంది.

ప్రశ్న: రెండో గేరు జారిపోతోంది. ట్రాన్స్‌ఫర్ కేసులో నూనె దానంతట అదే పెరుగుతోంది. — నిజామాబాద్

జవాబు: గేరుబాక్సు వెనక సీలు అరిగి నూనె ట్రాన్స్‌ఫర్ కేసులోకి దిగుతోంది. రెండూ పక్కపక్కనే బిగించినవి కాబట్టి ఇది ఈ జీపులకు పుట్టు జబ్బు. సీలు మార్చేవరకు నెలనెలా రెండింటి నూనె ప్లగ్గులూ విప్పి మట్టం చూడండి, లేకుంటే గేరుబాక్సు ఎండిపోతుంది. గేరు జారడానికి ముందు పైన మూతలోని సెలెక్టర్ స్ప్రింగులు, బాల్సు చూడండి, అవి చవక. తర్వాత గేరుబాక్సు మౌంటు, బెల్ హౌసింగ్ బోల్టులు వదులయ్యాయేమో. అవన్నీ బాగుంటేనే బాక్సు విప్పించండి, సింక్రో రింగులు అరిగి ఉంటాయి. నూనె జీఎల్–4 రకం 90 గ్రేడే పోయండి. జీఎల్–5లోని కొన్ని రసాయనాలు ఇత్తడి రింగులను తినేస్తాయి, కొట్లో అది మంచిదని ఇచ్చినా తీసుకోకండి.