కొట్టం దాకా రెండు మెట్లు

ఒంగోలు

చిన్నీకి పిన్ని ఆశీస్సులు.

నువ్వు ఆస్పత్రి ఉద్యోగం వదిలి ఇంగ్లండులో ఒక కౌన్సిల్ వారి, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వం వారి, ముసలివాళ్ళనూ వికలాంగులనూ చూసుకునే సోషల్ కేర్ విభాగంలో చేరబోతున్నావని అక్క ఫోను చేసి చెప్పింది. చెబుతూ ఏడ్చింది. ఆ వెంటనే వీధిలో ఎవరెవరికి స్వీట్లు పంచిందో లెక్క అప్పజెప్పింది. పోయిన రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో దిగి విదేశీ రొట్టె పట్టుకున్నది తనే కదా, ఇప్పుడు ఎవరిని అని ఏం లాభం? నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తరవాత ఈ పని పట్టుకున్నదానివి నువ్వొక్కదానివే. "ఫిజియోనా?" అని అడిగిన ప్రతివాళ్ళకూ కాదని చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. వృత్తి చికిత్స, అదే ఆక్యుపేషనల్ థెరపీ, అంటే "ఏ వృత్తి ఇప్పిస్తారమ్మా?" అనేవాళ్ళు. జబ్బు చేసినా, ఒళ్ళు సహకరించకపోయినా మనిషి తన రోజువారీ పనులు తనే చేసుకునేలా చూడడమే మన పని అంటే ఎవరికి ఎక్కుతుంది? అక్కడ ఈ వృత్తులవారిని నమోదు చేసే హెచ్‌సీపీసీ అనే సంస్థ రిజిస్టరులో పేరు లేనివాళ్ళు ఆక్యుపేషనల్ థెరపిస్టునని చెప్పుకోవడమే నేరమట. ఆ ముక్క చదివి కాసేపు గర్వంగా కూర్చున్నాను.

తెలిసిన సంగతులు త్వరగా చెప్పేస్తాను. రిజిస్ట్రేషన్ రెండేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, ఆ తేదీ వంటింటి క్యాలెండరులో రాసి పెట్టుకో. నువ్వు నేర్చుకున్నదేమిటో, దానివల్ల నీ దగ్గరికి వచ్చినవారికి ఏం మేలు జరిగిందో ఎప్పటికప్పుడు రాసుకో. నూటికి రెండున్నర మందిని ఎంచి ఆ రాతలు చూపించమంటారు. నీ అదృష్టం నాకు తెలుసు కాబట్టి ఆ రెండున్నర మందిలో నువ్వుంటావనే అనుకో. చూసిన ఇంటి సంగతి చూసిన రోజే రాయి.

ఇంకొకటి, కుక్కలు. నవ్వకు. ఎవరింటికైనా బయలుదేరే ముందు ఫోనులో కుక్క ఉందా అని అడుగు, ఉంటే గదిలో పెట్టి తలుపు వేయమను. పొదిలి దగ్గర ఒక ఇంటి అరుగు మీద నన్ను పట్టిన కుక్క పళ్ళ గుర్తులు పిక్క మీద ఇప్పటికీ ఉన్నాయి. ఎక్కడికి వెళ్తున్నావో, ఎన్నింటికి తిరిగి వస్తావో ఆఫీసులో ఒకరికి చెప్పకుండా అడుగు బయట పెట్టావో, అక్కడికి వచ్చి మరీ తిడతాను.

ఇక అసలు విషయం. దీన్ని ఇంతవరకు మీ బాబాయికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

కనిగిరి వైపు ఊళ్ళలో తిరిగే రోజులవి. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి నడుము వంగి, మెడ బిగుసుకుపోయిన మనుషులు ఇంటికొకరు కనిపించేవారు. అలాంటి ఒక రైతు ఇంటికి వెళ్ళాను. ఆయన మోకాళ్ళు చాపలేరు, తల పక్కకు తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాలి. అయినా రోజూ పొద్దున్నే గోడ పట్టుకుని పెరటి కొట్టం దాకా వెళ్ళి, చొప్ప ముక్కలు నరికి ఆవుకు వేసేవారు. అప్పటికే ఒకసారి పడ్డారు. నేను టేపు తీసి గడప కొలిచాను, తొమ్మిది అంగుళాలు. మంచం ఎత్తు కొలిచాను. గోడకు పట్టుకునే కడ్డీ వేయించాను, కమోడ్ కుర్చీ తెప్పించాను, మంచం తలుపు పక్కకు మార్పించాను. అరుగు దాటి పోనివ్వద్దని ఇల్లాలికి గట్టిగా చెప్పాను. సొంత పనులు ఎంతవరకు చేసుకోగలరో మేము వేసే లెక్కలో మూడు నెలల్లో ఆయన స్కోరు పెరిగింది. స్నానం సొంతంగా, బట్టలు సొంతంగా. మళ్ళీ పడలేదు. ఆ కేసును ఏడాది సమావేశంలో చదివి చప్పట్లు కొట్టించుకున్నాను. సూపర్‌వైజర్ పోస్టు వచ్చింది.

ఏడాది దాటాక అటువైపు వెళ్తూ, నా ఘనత నేనే చూసుకుందామని ఆ ఇంటి ముందు జీపు ఆపించాను. ఆయన నేను తెప్పించిన కుర్చీలోనే ఉన్నారు. చేతిలో పాత పలుపు. దాన్ని మోచేతికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. కొట్టం ఖాళీగా ఉంది. ఇల్లాలు కూలికి పోతే మేత వేసే దిక్కు లేక ఆవును అమ్మేశారట. ఎలా ఉన్నారని అడిగాను. "బాగున్నానమ్మా. కూర్చోమన్నారు, కూర్చున్నాను" అన్నారు. కోపం లేదు ఆ మాటలో, అదే నన్ను చంపింది. పనితో వైద్యం చేస్తానని చెప్పుకునేదాన్ని, ఆ మనిషికి మిగిలిన ఒక్క పనినీ లాగేసుకున్నాను. పెరటి వైపు రెండు మెట్లు, కొట్టం దాకా వెదురు పట్టు, చొప్ప నరకడానికి ఎత్తు పీట ఉంటే సరిపోయేది. మేస్త్రీకి ఒక పూట పని. నేను ఇల్లంతా కొలిచాను గానీ పెరట్లోకి తొంగి చూడలేదు. పొద్దున లేస్తే ఏం చేస్తారని అడగనే లేదు.

అందుకే ఆ దేశపు 2014 కేర్ చట్టం గురించి నువ్వు పంపిన కాగితాల్లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. అంచనా వేసేటప్పుడు ఆ మనిషి తన రోజువారీ బతుకులో ఏం సాధించాలనుకుంటున్నారో చూడాలట. చట్టంలోనే రాశారు! ఇంట్లో మార్పులకు 30,000 పౌండ్ల దాకా గ్రాంటు ఇచ్చే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. డబ్బు ఉన్నచోట ఇంకా జాగ్రత్త కావాలి తల్లీ. మెట్ల లిఫ్టు పెట్టించి, స్నానాల గది మార్పించి, ఫైలు మూసేయడం తేలిక. ఆ ఇంట్లోని ముసలావిడకు కావలసింది పక్కింటి గేటు దాకా నడవడమేమో.

పైకి ఎదగవద్దని అనడం లేదు. సీనియర్ ప్రాక్టీషనరు కా. విద్యార్థులకు నేర్పే ప్రాక్టీస్ ఎడ్యుకేటర్ పని దొరికితే వెంటనే పట్టుకో, వాళ్ళు అడిగే వెర్రి ప్రశ్నలకే మన బద్ధకం వదులుతుంది. సొంతంగా నిర్ణయం తీసుకోలేని మనిషిని కట్టడిలో ఉంచడం వాళ్ళ మేలుకేనా అని తేల్చే బెస్ట్ ఇంటరెస్ట్స్ అసెసర్ శిక్షణ ఉందన్నావే, మంచిదే, కానీ రెండేళ్ళు ఇళ్ళు తిరిగాక. కౌన్సిల్‌లో మన వృత్తివారందరికీ పెద్ద అయిన ప్రిన్సిపల్ ఆక్యుపేషనల్ థెరపిస్టువి అయ్యావని వింటే ఒంగోలంతా నేనే చాటుతాను. మేనేజరు కుర్చీకి మాత్రం తొందరపడకు. సూపర్‌వైజరు అయ్యాక ఆరేళ్ళ పాటు నేను చూసిన ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. చూసినవన్నీ రిజిస్టర్లే, ఎన్ని కుర్చీలు, ఎన్ని చంకకర్రలు అని. ఒక వేళ కూర్చోవలసి వస్తే నెలకు నాలుగు ఇళ్ళు నావి అని ముందే రాయించుకుని కూర్చో.

అక్క ఈసారి ప్రమోషన్ రొట్టె పట్టుకుంటానంటోంది. ముందు విదేశీ రొట్టె మొక్కు తీర్చమని కేకలేశాను. నీ మొదటి ఇంటి సందర్శన అయ్యాక ఫోను చెయ్యి, ఇక్కడ అర్ధరాత్రయినా సరే.

గోంగూర పచ్చడితో పాటు నా టేపు కూడా పంపిస్తున్నాను. మొదటి మూడు అంగుళాలు అరిగిపోయి అంకెలు కనబడవు, నాలుగు దగ్గర నుంచి కొలిచి తీసివేసుకోవాలి. అక్కడ మిల్లీమీటర్లలో కొలుస్తారట, నీకు పనికిరాదేమో. అయినా పెట్టెలో పడెయ్యి.

మీ పిన్ని