డాక్టర్ సలహా: హెలికాప్టర్ పైలట్‌ని, నిద్ర పట్టడం లేదు... చెబితే మెడికల్ పోతుందా?

ప్రశ్న: నా వయసు 41. మాది అనంతపురం. బెంగళూరులో ఉంటూ చార్టర్ హెలికాప్టర్ పైలట్‌గా పనిచేస్తున్నాను. ఎన్నికలప్పుడు నాయకుల పర్యటనలు, ఎండాకాలంలో కేదార్‌నాథ్ షటిల్, మిగతా రోజుల్లో పెళ్లిళ్లు, కంపెనీ పెద్దల ప్రయాణాలు. ఆరేడు నెలలుగా రాత్రి రెండు మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. గుండె దడ, కడుపులో మంట, నడుం నొప్పి. గాల్లో ఉన్నంతసేపు బాగానే ఉంటాను, కింద ఉన్నప్పుడే టెన్షన్. స్నేహితుడు చెబితే అప్పుడప్పుడు అల్ప్రాజొలం 0.25 వేసుకుంటున్నాను. డాక్టర్‌కి చూపించుకుంటే లైసెన్సు కోసం చేసే మెడికల్ పరీక్షలో అన్‌ఫిట్ చేస్తారని భయం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి చూద్దాం. అల్ప్రాజొలం ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 11, 12 గంటలు పడుతుంది. రాత్రి పదింటికి వేసుకుంటే, పొద్దున తొమ్మిదింటికి మీరు ఇంజన్ స్టార్ట్ చేసే వేళకి దాదాపు సగం మందు ఇంకా రక్తంలోనే ఉంటుంది. మత్తుగా అనిపించకపోవచ్చు. అయినా చూపుకీ చేతికీ మధ్య స్పందన నెమ్మదిస్తుంది. దయచేసి ఈ మందు వాడుతూ ఫ్లైట్ ఎక్కకండి. అలాగని, వారాల తరబడి రోజూ వేసుకుంటూ ఉంటే ఒక్కసారిగా మానేయకండి. దడ, నిద్రలేమి రెట్టింపవుతాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకోవాలి. జలుబుకి వేసుకునే సిట్రిజిన్ లాంటివి కూడా మత్తు కలిగిస్తాయని మరిచిపోవద్దు. నిద్ర కోసం మద్యం తాగే అలవాటుంటే అది మరీ తప్పు. బ్రెత్ ఎనలైజర్ మాట అటుంచండి, తాగి పడుకున్నవాళ్లకి సరిగ్గా మీరు చెప్పిన రెండు మూడు గంటల వేళకే మెలకువ వస్తుంది.

‘గాల్లో బాగుంటాను, కింద టెన్షన్’ అన్నారు చూశారా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట అదే. గాల్లో ఎడమ చెయ్యి పైకీ కిందికీ నడిపే కలెక్టివ్ మీద, కుడి చెయ్యి దిక్కు మళ్లించే సైక్లిక్ మీద, కాళ్లు పెడల్స్ మీద. మనసు వేరే వైపు పోవడానికి సందు ఉండదు. కింద అలా కాదు. నాయకుడి సభ రెండు గంటలు ఆలస్యం. తర్వాతి ఊళ్లో జనం ఎదురుచూస్తున్నారని ఫోన్ల మీద ఫోన్లు. పొద్దుగూకేలోగా దిగాలి. కొండ మీద మబ్బు దిగుతోంది. ‘ఇక్కడ ఎండ కాస్తోంది సార్, వచ్చేయండి’ అని అవతలినుంచి ఎవరో. అప్పుడు ‘వద్దు’ అనాల్సింది మీరొక్కరే. ఆ మాట అనాలా వద్దా అన్న ఘర్షణే మీ గుండె దడ, మీ కడుపుమంట. ఇది పిరికితనం కాదు. ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం చేసే పనే ఇది. కాకపోతే మీకు రోజుల తరబడి ఆగకుండా జరుగుతోంది.

2002 మార్చి 3న కైకలూరు దగ్గర లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారిని, 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో రాజశేఖరరెడ్డి గారిని పోగొట్టుకున్న తెలుగువాళ్లం మనం. ఆ రెండు హెలికాప్టర్ ప్రమాదాల్లోనూ పైలట్లు కూడా పోయారు. వాళ్ల పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి? మీ ఇంట్లోవాళ్లు మీరు బయల్దేరిన ప్రతిసారీ ఆ ప్రమాదాలు తలుచుకుంటూనే ఉంటారు. అందుకే వారితో కూడా ఈ విషయం విప్పి మాట్లాడండి.

నిద్ర గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, వరసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానమని పరీక్షల్లో తేలింది. అలసిన మెదడుకి తాను అలిసిపోయానన్న సంగతి కూడా సరిగ్గా తెలియదు. ‘వద్దు’ అనే బలం తగ్గేది అక్కడే. కాబట్టి ఆ నిర్ణయాన్ని సాయంత్రం దాకా వాయిదా వేయకండి. ఎంత విజిబిలిటీ లేకపోతే లేవను, ఎన్నింటికల్లా తిరిగి బయల్దేరాలి అన్నవి ముందు రాత్రే రాసి ఆపరేషన్స్‌వాళ్లకి మెసేజ్ పెట్టండి. మర్నాడు వాదన మీకూ ప్రయాణికుడికీ మధ్య ఉండదు. దడకి ఇది కూడా వైద్యమే.

దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి చికిత్స మాత్ర కాదు, సీబీటీ-ఐ అనే ప్రవర్తన చికిత్స. కొన్ని వారాలు పడుతుంది. ఎన్నింటికి పడుకున్నా ఒకే సమయానికి లేవడం, నిద్ర రాకుండా మంచం మీద దొర్లకుండా లేచి వేరే గదిలో కూర్చోవడం, పగటి కునుకు అరగంటకి మించకపోవడం ఇందులో భాగాలు. మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేయండి. ప్రతి హెలిప్యాడ్ దగ్గరా మర్యాదకి ఇచ్చే కప్పు కూడా లెక్కలోకే వస్తుంది.

నడుం నొప్పి హెలికాప్టర్ పైలట్లకి మామూలే. ముందుకి వంగి ఒక పక్కకి ఒరిగే కూర్చోవడం, దానికి తోడు రోటర్ వైబ్రేషన్. నడుం దగ్గర చిన్న దిండు, రోజూ వీపు, పొట్ట కండరాల వ్యాయామం మేలు చేస్తాయి. కాలు తిమ్మిరెక్కినా, మూత్రం మీద పట్టు తప్పినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. టాయిలెట్ ఉండదని నీళ్లు తాగడం తగ్గించకండి. కిడ్నీలో రాయి కనబడితే మెడికల్‌లో అదో తలనొప్పి.

ఈ వారంలోనే బీపీ, ఈసీజీ, థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. గురక పెడతారేమో మీ శ్రీమతిని అడగండి. పెడుతుంటే నిద్రలో ఊపిరి ఆగుతోందేమో కూడా పరీక్షించాలి.

ఇక మీ భయం. ఇలాంటి సమస్యల్లో చాలావరకు తాత్కాలిక అన్‌ఫిట్‌తో, చికిత్సతో సరిపోతుంది. ఒంట్లో బాగోలేదని తెలిసీ దాచి ఎగరడమే అసలు ప్రమాదం, మీ లైసెన్సుకి కూడా. 2015లో కో-పైలట్ కావాలనే విమానాన్ని కొండకి గుద్దిన జర్మన్‌వింగ్స్ దుర్ఘటన తర్వాత పైలట్ల మానసిక ఆరోగ్యం మీద ప్రపంచమంతా దృష్టి పెట్టింది. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. తోటి పైలట్లే అండగా నిలిచే ఏర్పాటు వాటిలో ఉంది. మీ కంపెనీలో అది ఉందేమో అడగండి. మీకు మెడికల్ చేసే డాక్టర్‌కి మందుతో సహా అన్నీ చెప్పండి. బెంగళూరులోనే విమానయాన వైద్య సంస్థ ఐఏఎం, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ రెండూ ఉన్నాయి. ఈ రాత్రే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

దడతో పాటు ఛాతీ నొప్పి, చెమటలు, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే టెన్షన్ అనుకుని ఊరుకోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. కారు మీరు నడపకండి, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.

– జనరల్ ఫిజీషియన్, బెంగళూరు