టిక్ టిక్ మంటోంది, మంట రావట్లేదు: ఒక్క బర్నరే మొరాయిస్తే ఏం చూడాలి?

మీ ప్రశ్న ఇదీ: స్టవ్ కడిగి తుడిచినప్పటి నుంచి చిన్న బర్నర్ నాబ్ తిప్పితే టిక్ టిక్ మంటోంది గానీ అంటుకోవట్లేదు, పక్క బర్నర్ మాత్రం ఎప్పటిలాగే వెలుగుతోంది, రెగ్యులేటర్ మార్చాలా?

వద్దు. పక్కది నిండు మంటతో వెలుగుతోందంటే సిలిండర్‌కీ రెగ్యులేటర్‌కీ రబ్బరు ట్యూబ్‌కీ ఈ గొడవతో సంబంధం లేదు. తేడా ఆ ఒక్క బర్నర్ దగ్గరే ఉంది.

ఏదైనా చేసే ముందు ఒక్క మాట. వెలగట్లేదని నాబ్ తిప్పి పట్టుకుని అలా టిక్ టిక్ మనిపిస్తూ నిలబడకండి. నాలుగైదు సెకన్లలో అంటుకోకపోతే ఆపేసి, కిటికీలూ తలుపులూ తీసి, వాసన పూర్తిగా పోయాకే మళ్లీ చూడండి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు కాబట్టి పైకి పోదు, కిందికి జారి నేల మీదా సిలిండర్ చుట్టూ పేరుకుంటుంది, గాలిలో 2 శాతం దాకా కలిస్తే చాలు అంటుకోవడానికి. వాసన ఘాటుగా ఉన్నప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేద్దామని చాలామందికి అనిపిస్తుంది, అసలు వద్దు, ఆ సమయంలో ఏ స్విచ్చూ వేయకూడదు, తీయకూడదు.

ఇప్పుడు అసలు విషయం. గ్యాస్ రావట్లేదా, రవ్వ పడట్లేదా, ముందు అది తేల్చుకోండి. లైటర్ గానీ అగ్గిపుల్ల గానీ వెలిగించి బర్నర్ దగ్గర పెట్టి, ఆ తర్వాతే నాబ్ తిప్పండి. వెంటనే అంటుకుందా, గ్యాస్ బాగానే ఉంది, ఆటో ఇగ్నిషన్‌దే, అంటే రవ్వ పుట్టించే ఏర్పాటుదే తప్పు. లైటర్‌తో కూడా అంటుకోలేదంటే దారి ఎక్కడో మూసుకుపోయింది.

కడిగిన తర్వాత మొదలైందంటున్నారు కాబట్టి నా అనుమానం రవ్వ మీదే. బర్నర్ పక్కన తెల్లటి పింగాణీ తొడుగులో ఒక సన్నటి పిన్ను నిలబడి ఉంటుంది చూడండి, రవ్వ దాని కొస నుంచి బర్నర్ అంచు మీదికి దూకాలి. ఆ పింగాణీ తడిగా ఉన్నా, సబ్బు జిడ్డు పట్టి ఉన్నా, కరెంటు కొస దాకా పోకుండా తడి మీదుగా కిందికి జారిపోతుంది. పొడి గుడ్డతో తుడిచి ఒక పూట ఆరనివ్వండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది. ఇంకో సంగతి, టిక్ టిక్ వినిపిస్తోంది కదా అని ఆ పిన్ను పనిచేస్తోందని అనుకోకండి. చాలా స్టవ్‌లలో ఏ నాబ్ తిప్పినా అన్ని పిన్నులూ ఒకేసారి కొడతాయి, మీరు వింటున్న చప్పుడు పక్క బర్నర్‌ది కావచ్చు.

మా స్టవ్‌కి ఇలాగే వచ్చినప్పుడు ఎంత ఆరబెట్టినా ఫలితం లేకపోయింది. రెగ్యులేటర్ ఆపేసి, ట్యూబ్‌లో మిగిలిన గ్యాస్ పక్క బర్నర్‌లో కాలిపోయేదాకా ఆగి, ఏమాత్రం వాసన లేదని చూసుకుని, రాత్రి లైటు తీసి నాబ్ తిప్పాను. నీలం రవ్వ కనిపించింది గానీ పిన్ను కొస దగ్గర కాదు, అంతకంటే కింద, పింగాణీ మధ్యలోంచి పక్కనున్న రేకు మీదికి. పగలు దగ్గరగా చూస్తే అక్కడ వెంట్రుకంత సన్నటి పగులు, అందులోకి మసి దిగి నల్లగీత కనబడుతోంది. ఆ పిన్ను మారిస్తే పోయింది. అప్పటికే వచ్చిన మెకానిక్ మాత్రం మొత్తం సెట్టు మార్చాలన్నాడు, ఈ రకం సలహాకి తొందరపడి ఒప్పుకోకండి.

పిన్ను బాగానే ఉంటే బర్నర్ మూత చూడండి. కడిగాక తిరిగి పెట్టేటప్పుడు గాడిలో సరిగ్గా కూర్చోకపోతే గ్యాస్ ఒక పక్కనుంచి ఎక్కువగా పోతుంది, రవ్వ పడే చోటికి రాదు. తీసి మళ్లీ పెట్టి, వేలితో కదిపితే ఊగకుండా ఉందో లేదో చూసుకోండి.

ఇక లైటర్‌తో కూడా వెలగకపోతే, రెగ్యులేటర్ ఆపి, స్టవ్ చల్లారాక బర్నర్ పైకి తీయండి. చుట్టూ ఉన్న చిల్లుల్లో తడి, సబ్బు, పొంగిపోయి మాడినవి ఉంటే బ్రష్‌తో పోతాయి. కింద గొట్టం మొదట్లో ఇత్తడి జెట్ ఉంటుంది, గ్యాస్ అంతా దాని మధ్యలో ఉన్న ఒక్క చిన్న చిల్లులోంచే రావాలి. విప్పగలిగితే వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి, గుండ్రంగా వెలుగు చుక్క కనిపించాలి, అది వంకరగా ఉన్నా మసగ్గా ఉన్నా లోపల ఏదో అడ్డుపడిందన్నమాటే. సూదితో మాత్రం పొడవకండి. ఇత్తడి మెత్తన, చిల్లు రవ్వంత పెద్దదైనా గ్యాస్ ఎక్కువై మంట పసుప్పచ్చగా మారి గిన్నెలకి మసి పడుతుంది. కిరసనాయిలులో కాసేపు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసి, బాగా ఆరనిచ్చి బిగించండి. చాలాకాలం వాడని బర్నర్ అయితే గొట్టంలో సాలీడు గూడు కూడా ఉండొచ్చు, మా పాత స్టవ్‌లో దొరికింది.

వెలిగి, నాబ్ మీద చెయ్యి తీయగానే ఆరిపోతుంటే అది వేరే కథ. మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు కొన్ని స్టవ్‌లకి ఉంటుంది, బర్నర్ పక్కన రెండో పిన్నులా కనిపించే థర్మోకపుల్ వేడెక్కితేనే వాల్వ్ తెరుచుకుని ఉంటుంది. వెలిగాక నాబ్‌ని ఐదు నుంచి పది సెకన్లు నొక్కి పట్టుకోండి, అయినా ఆరితే దాని కొన మీద మసి గుడ్డతో తుడవండి.

నాబ్ బిగుసుకుపోయి తిరగకపోయినా, లోపల నుంచి వాసన వస్తున్నా వాల్వ్ మీరు విప్పకండి, అది మెకానిక్ పని. మిగతావి ఏవి విప్పి బిగించినా, గ్యాస్ వదిలాక అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూసి, రావట్లేదని తేలాకే వెలిగించండి.