ప్రమాదాల అంకె పెద్దదైతే రాష్ట్రం ప్రమాదకరమైనట్టేనా?
ఒక రాష్ట్రంలో రోడ్డు ప్రమాదాలు పక్క రాష్ట్రం కంటే ఎక్కువగా నమోదైతే అక్కడ బండి నడపడం ఎక్కువ ప్రమాదకరమా అని అడిగారు. ఆ ఒక్క అంకెతో చెప్పలేం. జనం, వాహనాలు ఎక్కువున్న చోట ప్రమాదాలూ ఎక్కువే ఉంటాయి. లక్ష జనాభాకు ఎన్ని మరణాలన్నది కొంత మేలు. వాహనాలన్నీ కలిసి తిరిగిన కిలోమీటర్లతో పోల్చడం ఇంకా మేలు. పైగా చిన్నాచితకా ప్రమాదాలు చాలావరకు పోలీసుల దాకా వెళ్లవు. కాబట్టి కేసులు నిక్కచ్చిగా నమోదు చేసే రాష్ట్రమే కాగితం మీద చెడ్డగా కనిపించవచ్చు! అందుకే నేను ముందు మరణాల వరుసే చూస్తాను. అందులోనూ ఒక మెలిక ఉంది: చాలా దేశాలు ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు చనిపోయినవారినే లెక్కిస్తాయి.

కారణాల్లో వేగానిదే పెద్దపీట. గంటకు 50 కిలోమీటర్ల నుంచి 70కి వెళ్తే పెరిగిన వేగం 40 శాతమే, ఢీకొట్టే శక్తి మాత్రం దాదాపు రెట్టింపు. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 60లో వెళ్తూ ఫోను వైపు మూడు సెకన్లు చూస్తే బండి 50 మీటర్లు గుడ్డిగా సాగిపోతుంది. బ్రేకు మీద కాలు పడేది ఆ తర్వాతే. మద్యం సంగతి తెలిసిందే. నిద్రమత్తును పట్టే శ్వాస పరీక్ష లేదు కనుక నివేదికల్లో అది ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

ఇంకొకటి: ‘కారణం’ అన్న గడి నింపేది ఘటనాస్థలికి వచ్చిన అధికారి. అక్కడ ‘అతివేగం’ అని రాయడం తేలిక. మలుపు వాలు తప్పుగా ఉందనో, దీపం వెలగలేదనో రాయడం అరుదు.