అందరికీ ఒకే ఇన్‌బాక్స్ పెట్టే ముందు

తల్లీ,

మీ సెక్షన్‌లో ఏడుగురికీ కలిపి ఒకే ఇన్‌బాక్స్ కావాలన్నారనీ, మెయిల్ ప్రోగ్రామును సర్వర్లో షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి అందరి డెస్క్‌టాప్ మీదా షార్ట్‌కట్ ఇచ్చేద్దామనుకుంటున్నాననీ రాశావు. ఆ పని మాత్రం చెయ్యకు. ఇరవై ఏళ్ల కిందట నేను చేసిందీ సరిగ్గా అదే.

అప్పుడు మా ఆఫీసులో మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ ప్రోగ్రాము అవుట్‌లుక్ వాడేవాళ్లం. మెయిళ్లన్నీ పీఎస్‌టీ అనే ఒక్క ఫైల్లో ఉండేవి. దాన్ని తీసుకెళ్లి సర్వర్లో పెడితే బ్యాకప్ కూడా ఒకేచోట అయిపోతుందని మురిసిపోయాను. ఒకళ్లు తెరిస్తే రెండోవాళ్లకు తెరుచుకోదు. "కాస్త మూసెయ్యవా, రెండు నిమిషాలు చూసుకుంటా" అని గది ఈ చివర నుంచి ఆ చివరకి కేకలు. అయినా నెట్టుకొచ్చాం. ఓ రోజు ఎవరి కాలో తగిలి కేబుల్ ఊడింది. సరిగ్గా ఆ ఫైల్లోకి ఏదో రాస్తున్న సమయం. కేబుల్ మళ్లీ పెట్టాం, ఫైలు మాత్రం తెరుచుకోలేదు. స్కాన్‌పీఎస్‌టీ అనే రిపేర్ ప్రోగ్రామును రాత్రంతా నడిపితే తెల్లారేసరికి మెయిళ్లు చాలావరకు బయటపడ్డాయి. కానీ ఫోల్డర్లు చెదిరిపోయి, సగం మెయిళ్లు 'లాస్ట్ అండ్ ఫౌండ్' అనే ఒకే కుప్పలో పడ్డాయి. ఆ కుప్ప విడదీయడానికి వారం పట్టింది. నెట్‌వర్క్ మీదుగా పీఎస్‌టీ తెరవడానికి సపోర్ట్ లేదని మైక్రోసాఫ్టే చెబుతుంది. చదవనిది నేను.

థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రాము అయినా ఇదే కథ. మెయిళ్లు, సెట్టింగులు ఉండే దాని ప్రొఫైల్ ఫోల్డర్‌ని ఒకరు తెరవగానే తాళం పడుతుంది. ఆ తాళం ఫైలు తీసేస్తే పని జరుగుతుందని ఎవరైనా ఉచిత సలహా ఇస్తే వినకు.

చెయ్యాల్సింది దీనికి తిరగేసి. ప్రోగ్రాము ఎవరి కంప్యూటర్లో వాళ్లకే ఉండాలి, మెయిళ్లు సర్వర్లో ఉండాలి. మెయిళ్లను సర్వర్లోనే ఉంచి చదివే ఐమ్యాప్ అనే పద్ధతి ఉన్నది ఇందుకే. ఏడుగురూ ఒకేసారి తెరిచినా గొడవ లేదు. ఒకరు చదివితే చదివినట్టు, జవాబిస్తే ఇచ్చినట్టు మిగతావాళ్లకు కనిపిస్తుంది. మీది లినక్స్ సర్వర్ అన్నావు కాబట్టి డవ్‌కాట్ అనే ఐమ్యాప్ సర్వర్ ప్రోగ్రాము వేసుకో, ఉచితమే. మెయిళ్లు దాచే పద్ధతి అడిగినప్పుడు మెయిల్‌డిర్ ఎంచుకో. అందులో ఒక్కో మెయిలూ ఒక్కో ఫైలు. ఎంబాక్స్ పద్ధతిలో ఫోల్డర్ మొత్తం ఒకే ఫైలు. యాంటీవైరస్‌కి అందులో ఒక్క చెడ్డ అటాచ్‌మెంట్ కనిపించిందంటే ఇన్‌బాక్స్ మొత్తాన్ని క్వారంటైన్‌లో పడేసే ప్రమాదం ఉంది.

మెయిళ్లను సర్వర్ నుంచి సొంత కంప్యూటర్లోకి దింపుకునే పాప్ అనే పాత పద్ధతిని సర్వర్లోనే ఆపెయ్. ఉంటే ఏమవుతుందంటావా? మూలన ఉన్న ఓ పాత కంప్యూటర్లో ఎవరో పాప్‌తో సెట్ చేసుకుంటారు, 'సర్వర్లో కాపీ ఉంచు' అన్నదానికి టిక్ పెట్టరు. పొద్దున అందరూ వచ్చేసరికి ఇన్‌బాక్స్ ఖాళీ. మెయిళ్లన్నీ ఆ మూల కంప్యూటర్లోకి దిగిపోయి ఉంటాయి. అది తెలిసేదాకా అందరికీ టెన్షనే.

పోర్టుల గురించి, అంటే సర్వర్‌తో మాట్లాడే ద్వారాల నంబర్ల గురించి, పెద్దగా చెప్పేదేం లేదు. చదవడానికి 993, పంపడానికి 587, రెండింటికీ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. 25 అనేది సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పోర్టు, డెస్క్‌టాపుల్లో పెట్టకు.

ఏడుగురికీ ఒకే పాస్‌వర్డ్ ఇద్దామని మీ మేనేజర్ అంటాడు చూడు. ఒప్పుకోకు. ఒకళ్లు ఉద్యోగం మానేస్తే మిగతా ఆరుగురి కంప్యూటర్లలోనూ మార్చాలి, పైగా ఏ మెయిలు ఎవరు తీసేశారో ఎప్పటికీ తేలదు. ఎవరి లాగిన్ వాళ్లకిచ్చి, ఉమ్మడి ఫోల్డర్ మీద హక్కులు పంచు. ఈ హక్కులు ఒక్కో అక్షరంగా ఉంటాయి: చూడ్డానికి 'ఎల్', చదవడానికి 'ఆర్', గుర్తులు పెట్టడానికి 'డబ్ల్యూ', అలా. తీసేసే హక్కులైన 'టీ', 'ఈ' ఎవరికీ ఇవ్వకుండా ఉంటే మెయిళ్లు భద్రమని నేనూ అనుకున్నాను. ఇందులో ఓ మెలిక ఉంది. ఐమ్యాప్‌లో మెయిలుని ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదానికి జరపడమంటే అక్కడ కాపీ పెట్టి ఇక్కడ తీసెయ్యడమే. తీసే హక్కు లేకపోతే జరపడమూ కుదరదు. 'అయిపోయినవి' అని ఫోల్డర్ పెట్టి అందులోకి లాగండి అని చెప్పావనుకో, ఎన్నిసార్లు లాగినా మెయిలు పాత చోటు నుంచి పోదు.

అందుకని నన్నడిగితే జరపడం మానేసి ట్యాగులు వాడండి. థండర్‌బర్డ్‌లో మెయిలు మీద ఉండి 1 నుంచి 5 వరకు ఏ అంకె నొక్కినా ఓ రంగు ట్యాగు పడుతుంది, అది అందరికీ కనిపిస్తుంది. 1 అంటే 'నేను చూస్తున్నా', 2 అంటే 'జవాబిచ్చేశా' అని మీలో మీరు అనుకోండి. అయితే ట్యాగు పేరు సర్వర్లోకి వెళ్లదు, దాని నంబరే వెళుతుంది. నీ దగ్గర పేరు మారిస్తే పక్క సీటులో పాత పేరే ఉంటుంది. ఏడు కంప్యూటర్లూ తిరిగి నువ్వే మార్చు. ఈ ట్యాగులు లేకపోతే ఒకే కస్టమర్‌కి ఇద్దరు రెండు రకాల జవాబులిస్తారు. మాకు జరిగింది, ఆ ఫోన్ కాల్ నాకింకా గుర్తే.

పంపిన మెయిళ్ల సంగతి చాలామంది మర్చిపోతారు. వచ్చినవి ఉమ్మడిగా ఉంటాయి, ఇచ్చిన జవాబులు మాత్రం ఎవరి 'సెంట్' ఫోల్డర్‌లో వాళ్లకే పోయి కూర్చుంటాయి. అకౌంట్ సెట్టింగ్స్‌లో పంపిన కాపీ ఉమ్మడి 'సెంట్'లోకి వెళ్లేలా ప్రతి కంప్యూటర్లోనూ మార్చాలి. మార్చాక ఒక టెస్ట్ మెయిల్ పంపి, వేరే సీటులో కూర్చుని చూడు.

బయటికి పంపే పని సొంత సర్వర్ నుంచి పెట్టుకోకు. మెయిలు నిజంగా మన దగ్గర్నుంచే వచ్చిందని చూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్, రివర్స్ డీఎన్‌ఎస్ అన్నీ కుదిరినా కొత్త ఐపీ అడ్రస్ నుంచి వెళ్లేవి స్పామ్‌లో పడుతుంటాయి. ఇప్పుడు మీకు మెయిల్ ఇస్తున్న ప్రొవైడర్ ద్వారానే వెళ్లనివ్వు.

బ్యాకప్ వేరే మెషీన్‌లోకి తియ్యి. నెలకోసారి ఒక మెయిలు ఎంచుకుని అందులోంచి వెనక్కి తెచ్చి చూడు. రెండు డిస్కుల్లో ఒకే సమాచారం దాచే రెయిడ్ ఉంది కదా అంటావేమో, పొరపాటున తీసేసిన మెయిలుని రెయిడ్ రెండు డిస్కుల్లోంచీ శుభ్రంగా తీసేస్తుంది.

మార్చడం ఈ వారమే మొదలుపెట్టకు. ముందు ఆ ఏడు కంప్యూటర్లలో పాత పీఎస్‌టీ ఫైళ్లు ఎక్కడెక్కడున్నాయో, ఒక్కోటీ ఎంత సైజో రాసి పంపు. అవుట్‌లుక్ 2003కి ముందు రకం ఫైళ్లకు 2 జీబీ హద్దు ఉండేది, అది దాటితే పాడవుతాయి. ఆ దరిదాపుల్లో ఏదైనా ఉంటే తెరవకుండా ముందు కాపీ తీసి నాకు ఫోన్ చెయ్యి. ఆదివారం ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న